ఊర్ట్ మేఘం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తోకచుక్క వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ చివరి పేరాలో "ఇది ఊర్ట్ మేఘం నుంచి వచ్చింది" అని ఒక ముక్క ఉంటుంది. ఆ ముక్క చదివినవాళ్ళు మా మేడ మీద టెలిస్కోప్ దగ్గరికొచ్చి అడిగే ప్రశ్నలు ఏళ్ళ తరబడి దాదాపు అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

అసలు ఊర్ట్ మేఘం అంటే ఏమిటి?

సూర్యుడి చుట్టూ, గ్రహాలన్నీ దాటిపోయాక, చాలా చాలా దూరంలో మంచు ముద్దలు గుంపుగా ఉన్నాయని శాస్త్రవేత్తల అంచనా. నీటి మంచు, గడ్డకట్టిన కార్బన్ మోనాక్సైడ్, మీథేన్ లాంటి వాయువులు, దుమ్ము, రాతిపొడి కలిసిన ముద్దలవి. గ్రహాలు ఇంచుమించు ఒకే తలంలో, పళ్ళెం మీద తిరుగుతున్నట్టు తిరుగుతాయి. ఈ ముద్దలు అలా కాదు, అన్ని వైపులా గోళంలా పరుచుకుని ఉంటాయి. వాటిలో ఒకటి దారి తప్పి సూర్యుడి దగ్గరికొస్తే ఆ వేడికి మంచు ఆవిరై తోక వస్తుంది. అదే మనం చూసే తోకచుక్క.

అంచనా అన్నానని తేలిగ్గా తీసుకోకండి. ఆ మాట ఎందుకు వాడానో కింద వివరంగా ఉంది.

మేఘం అంటే దట్టంగా ఉంటుందా? రాకెట్ వెళ్తే వాటికి గుద్దుకుంటుందా?

గుద్దుకోదు. ఆ పేరే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. కిలోమీటరు కంటే పెద్ద ముద్దలు లక్ష కోట్ల దాకా ఉండొచ్చంటారు. వినడానికి కిక్కిరిసిపోయినట్టు ఉంటుంది కదా. ఆ లక్ష కోట్లనీ వాటికున్న చోటంతటా సమానంగా సర్దామనుకోండి. సూర్యుడి నుంచి 50 వేల ఏయూ దాకా లెక్క వేసినా, ఒక ముద్దకీ పక్క ముద్దకీ మధ్య దూరం సుమారు 8 ఏయూ వస్తుంది. అంటే 120 కోట్ల కిలోమీటర్లు. సూర్యుడి నుంచి బయల్దేరితే గురుగ్రహం దాటి శని దగ్గరికి దాదాపు చేరిపోయేంత దూరం. నిజానికి లోపలి వైపు కాస్త ఎక్కువగా, బయటి వైపు పల్చగా ఉంటాయి. ఎలా చూసినా మధ్యలో నిలబడితే చుట్టూ ఏమీ కనబడదు.

ఏయూ అంటే విశాఖలో ఉన్న ఆంధ్రా యూనివర్సిటీ కాదు. సూర్యుడికీ భూమికీ మధ్య ఉన్న సగటు దూరం, సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. ఇక్కడ్నుంచి అన్నీ ఆ లెక్కలోనే చెబుతాను, లేకపోతే సున్నాలు రాయలేక చస్తాం.

"ఊర్ట్" అనాలా, "ఓర్ట్" అనాలా?

ఈ మేఘానికి పేరు వచ్చింది యాన్ ఊర్ట్ అనే డచ్ శాస్త్రవేత్త నుంచి. డచ్ భాషలో ఆ పేరును "ఓర్ట్" అన్నట్టే పలుకుతారు. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో రెండు 'ఓ'లు చూసి మనం "ఊర్ట్" చేసుకున్నాం. తెలుగులో రెండూ కనిపిస్తాయి. నాకు ఊర్ట్ అలవాటైపోయింది, అదే రాస్తున్నాను.

ఎంత దూరంలో ఉంది? సున్నాలు లేకుండా చెప్పండి.

సూర్యుణ్ణి ఒక శనగగింజ అనుకోండి. ఆ గింజను హైదరాబాద్‌లో ఎల్బీనగర్ చౌరస్తాలో పెట్టాం. ఆ కొలతలో భూమి ఒక మీటరు దూరంలో, కంటికి ఆనీ ఆనని నలుసంత ఉంటుంది. గురుగ్రహం ఐదు మీటర్ల దగ్గర, చిట్టచివరి గ్రహం నెప్ట్యూన్ 30 మీటర్ల దగ్గర. అంటే గ్రహాలన్నీ చౌరస్తాలోనే సరి.

ఊర్ట్ మేఘం లోపలి అంచు 2 వేల నుంచి 5 వేల ఏయూ మధ్య మొదలవుతుందంటారు. మన కొలతలో రెండు నుంచి ఐదు కిలోమీటర్లు. బయటి అంచు లక్ష ఏయూ దాకా పోవచ్చు, అంటే 100 కిలోమీటర్లు. విజయవాడ రోడ్డు పట్టుకుని వెళ్తే నార్కట్‌పల్లి కూడా దాటేస్తాం. అక్కడి మంచు ముద్దకు కూడా యజమాని చౌరస్తాలో ఉన్న ఆ శనగగింజే. మరి పక్క నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ ఎక్కడ? 268 కిలోమీటర్ల దగ్గర. అంటే ఇంచుమించు విజయవాడలో ఇంకో గింజ.

ఎవరూ చూడలేదంటున్నారు. మరి ఉందని ఎలా చెబుతున్నారు?

నన్ను అందరికంటే ఎక్కువ అడిగే ప్రశ్న ఇదే. దీనికి జవాబు కాస్త పెద్దది, ఓపిక పట్టండి.

తోకచుక్క వచ్చినప్పుడు కొన్ని వారాల పాటు అది రోజూ ఆకాశంలో ఎక్కడుందో కొలుస్తారు. ఆ కొలతల నుంచి కక్ష్య కడతారు. అయితే మనకు కనబడే కక్ష్య అసలు కక్ష్య కాదు. లోపలికి వస్తున్నప్పుడే గురుడు, శని లాంటి పెద్ద గ్రహాలు దాన్ని అటూ ఇటూ లాగేసి ఉంటాయి. ఆ లాగుడంతా లెక్కలో తీసేసి, "గ్రహాల మధ్యకు అడుగు పెట్టకముందు ఇది ఏ దారిలో ఉంది?" అని వెనక్కి లెక్క కట్టాలి. ఇప్పుడైతే కంప్యూటర్ చేసేస్తుంది. 1940లలో చేత్తో చేశారు. అంత కచ్చితంగా లెక్క తేలిన తోకచుక్కలు అప్పటికి 19 మాత్రమే ఊర్ట్ చేతిలో ఉన్నాయి.

ఆ పంతొమ్మిదిని వరసలో పెట్టి చూస్తే సుమారు సగం ఒకేచోట పోగుపడ్డాయి. వాటి కక్ష్యలు ఎంత పెద్దవంటే, అవతలి కొన పదుల వేల ఏయూల దూరంలో ఉంది. మిగతావి చెల్లాచెదురుగా ఉన్నాయి. ఇది కాకతాళీయం కాదని ఊర్ట్ పట్టుకున్నాడు. ఎందుకంటే ఒక తోకచుక్క గ్రహాల మధ్య నుంచి ఒక్కసారి పోతే చాలు, గురుడి దెబ్బకు దాని కక్ష్య బాగా మారిపోతుంది. చిన్నదైపోవచ్చు, లేదా సూర్యుణ్ణి వదిలి పూర్తిగా పోవచ్చు. గ్రహాలు కక్ష్యలను ఇలా ఎంత చెదరగొడతాయో ఊర్ట్ పనిచేసిన లైడెన్‌లోనే వాన్ వూర్కమ్ అనే పరిశోధకుడు 1948లో లెక్క కట్టి పెట్టాడు. కాబట్టి ఆ పోగు ఇంకా చెదరకుండా ఉందంటే అర్థం ఒక్కటే. ఇవి పాత చుట్టాలు కావు, మన గడప మొదటిసారి తొక్కుతున్నవి.

ఇంకో రెండు సంగతులు కలిశాయి. ఒకటి, ఇవి ఆకాశంలో ఫలానా వైపు నుంచే అని కాకుండా అన్ని వైపుల నుంచీ వస్తున్నాయి. కాబట్టి అవి ఉన్న చోటు పళ్ళెంలా కాక గోళంలా ఉండాలి. రెండు, తోకచుక్క వచ్చిన ప్రతిసారీ కరిగిపోతుంది, కొన్ని ముక్కలైపోతాయి. సౌర కుటుంబం వయసు సుమారు 460 కోట్ల ఏళ్ళు. ఇంతకాలం తర్వాత కూడా కొత్తవి వస్తున్నాయంటే వెనకాల ఎక్కడో పెద్ద గాదె ఉండి తీరాలి.

1950లో ఊర్ట్ ఈ వాదనను పేపర్‌గా అచ్చు వేశాడు. ఆ గాదెలో దాదాపు 20 వేల కోట్ల తోకచుక్కలు ఉంటాయన్నాడు. ఆ తర్వాత 1970లలో బ్రయన్ మార్స్‌డెన్ లాంటివాళ్ళు మరెన్నో తోకచుక్కల కక్ష్యలు ఇంకా జాగ్రత్తగా కట్టారు. పోగు చెదిరిపోలేదు సరికదా, ఇంకా స్పష్టంగా కనబడింది. పంతొమ్మిదింటితో మొదలుపెట్టి ఇంత దూరం చూడగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

న్యాయంగా చెప్పాలంటే ఊర్ట్ కంటే ముందే, 1932లో, ఎస్టోనియాకు చెందిన ఎర్న్‌స్ట్ ఎపిక్ ఇలాంటి దూరపు గుంపు సాధ్యమేనని రాశాడు. అందుకే కొందరు ఎపిక్-ఊర్ట్ మేఘం అంటారు. పేరు మాత్రం ఊర్ట్‌కే దక్కింది.

జేమ్స్ వెబ్ లాంటి టెలిస్కోప్ ఉంది కదా, నేరుగా చూసేయొచ్చుగా?

వెబ్ వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉన్న గెలాక్సీలను చూస్తోంది, పక్కనే ఉన్న మంచు ముద్ద కనబడదా అని మా కాలనీ కుర్రాడు ఒకడు నన్ను నిలదీశాడు. ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ గెలాక్సీకి సొంత వెలుగు ఉంటుంది, పైగా వేల కోట్ల నక్షత్రాలు. ఈ ముద్దలకు సొంత వెలుగు లేదు. సూర్యుడి వెలుగు అక్కడిదాకా పోవాలి, ముద్ద మీద పడి తిరిగి మన దాకా రావాలి. పోయేటప్పుడూ పల్చబడుతుంది, వచ్చేటప్పుడూ పల్చబడుతుంది. అందుకే దూరం పదింతలైతే వెలుగు పదో వంతు కాదు, పదివేలో వంతు అవుతుంది. నెప్ట్యూన్ దగ్గర ఉన్న ముద్దను దానికి వందింతల దూరంలో, 3 వేల ఏయూ దగ్గర పెడితే వెలుగు పది కోట్లో వంతుకు పడిపోతుంది. అదీ మేఘం లోపలి అంచు దగ్గరే.

అంత దూరంలో ఉన్నవాటిని సూర్యుడు ఎలా పట్టుకుని ఉంచుతాడు?

చాలా వదులుగా. అక్కణ్ణుంచి చూస్తే సూర్యుడు ఒక ప్రకాశమైన నక్షత్రం, అంతే. 50 వేల ఏయూ దగ్గర నిలబడితే మనకు శుక్రుడు కనిపించేదానికంటే కాస్త తక్కువ వెలుగుతో కనిపిస్తాడు. ఉష్ణోగ్రత మైనస్ 260 డిగ్రీలకు దిగువ.

ఒక చిన్న లెక్క చూపిస్తాను. ఒక తోకచుక్క కక్ష్యలో దగ్గరి కొన భూమి దూరంలో, దూరపు కొన 50 వేల ఏయూ దగ్గర ఉందనుకుందాం. సూర్యుడి దగ్గరికి వచ్చినప్పుడు దాని వేగం సెకనుకు 42 కిలోమీటర్లు. అంటే హైదరాబాద్ నుంచి విజయవాడకు ఏడు సెకన్లు కూడా పట్టదు. అదే తోకచుక్క దూరపు కొనలో ఉన్నప్పుడు? సెకనుకు 84 సెంటీమీటర్లు, గంటకు 3 కిలోమీటర్లు. అన్నం తిన్నాక వీధి చివరిదాకా నడిచే నడక అది. ఒక చుట్టు తిరగడానికి దానికి సుమారు 40 లక్షల ఏళ్ళు పడుతుంది. ఆ కాలంలో ఎక్కువ భాగం ఇలా కాళ్ళీడుస్తూనే గడుస్తుంది.

నడకంత వేగంతో పోతున్నదాన్ని కదిలించడానికి ఎంత బలం కావాలి? వేలితో తోస్తే చాలు. ఊర్ట్ మేఘం కథంతా ఈ ఒక్క సంగతి మీదే నడుస్తుంది.

మరి వాటిని తోసేది ఎవరు?

ఇద్దరు. ఒకటి, పక్కగా పోయే నక్షత్రాలు. నక్షత్రాలు కదలకుండా కూర్చుని ఉన్నాయని మనకు అనిపిస్తుంది గానీ అన్నీ తలో దారిలో పోతున్నాయి. షోల్జ్ నక్షత్రం అని ఒక చిన్న ఎర్ర నక్షత్రం, జంటతో సహా, 70-80 వేల ఏళ్ళ క్రితం సూర్యుడికి సుమారు ఒక కాంతి సంవత్సరం లోపే వెళ్ళింది. అంటే మేఘం బయటి భాగాన్ని రాసుకుంటూ పోయినట్టు. అప్పటికి భూమి మీద మనుషులున్నారు. ఇక ముందు రాబోయేది గ్లీజ 710 అనే నక్షత్రం. ఇప్పుడు 62 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఇంకో 13 లక్షల ఏళ్ళకు సుమారు 10 వేల ఏయూ దగ్గరికి వస్తుందని లెక్క. అది బయటి భాగాన్ని రాసుకుని పోవడం కాదు, మేఘం మధ్యలోంచి దూసుకుపోవడమే.

రెండోది మన పాలపుంత. దీన్ని ఊర్ట్ అప్పట్లో పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు, 1980లలో తేలింది. చంద్రుడు సముద్రాన్ని లాగితే ఆటుపోట్లు వచ్చినట్టే, పాలపుంత పళ్ళెంలో ఉన్న నక్షత్రాల, వాయువుల బరువు ఈ మంచు ముద్దలను ఎప్పుడూ నెమ్మదిగా లాగుతూ ఉంటుంది. నక్షత్రం ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఈ లాగుడు మాత్రం ఆగదు. మామూలు రోజుల్లో మన దగ్గరికి తోకచుక్కలను పంపే పని ఎక్కువగా దీనిదే.

అంత దూరంలో అవి ఎలా తయారయ్యాయి?

అక్కడ తయారవలేదు, అదే తమాషా. అంత దూరంలో ముద్ద కట్టడానికి సరిపడా సరుకే ఉండదు. గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్ పుడుతున్న చోటే ఇవీ పుట్టాయి. గ్రహాలు పెద్దవైన కొద్దీ చుట్టుపక్కల మిగిలిన ముద్దలను వడిసెలతో రాయి విసిరినట్టు విసిరేశాయి. గురుడు విసిరినవాటిలో చాలావరకు సూర్యుడి పట్టు దాటి శాశ్వతంగా పోయాయి. మరీ బలంగా దెబ్బ పడనివి మాత్రం పొడవాటి కక్ష్యల్లో ఎక్కడో దూరం దాకా వెళ్ళి ఆగాయి.

విసిరిన చోటికే తిరిగి రావడం కక్ష్య లక్షణం. కాబట్టి అవి మళ్ళీ గ్రహాల మధ్యకు వచ్చి మళ్ళీ దెబ్బ తినాలి. కానీ దూరపు కొనలో ఉన్నంతసేపు పాలపుంత ఊరుకోలేదు. ఆ నెమ్మది లాగుడుతో దగ్గరి కొనను గ్రహాలకు అందనంత దూరం జరిపేసింది. వెళ్ళినవి అక్కడే ఉండిపోయాయి. అంటే ఇప్పుడు వాటిని మన దగ్గరికి పంపుతున్న శక్తే ఒకప్పుడు వాటిని కాపాడింది.

మేఘంలో కొంత భాగం అసలు మనది కాదనే వాదన కూడా ఉంది. సూర్యుడు పుట్టినప్పుడు పక్కనే పుట్టిన తోబుట్టువు నక్షత్రాల ముద్దలను కూడా లాక్కుని ఉండొచ్చంటారు.

కైపర్ బెల్ట్, ఊర్ట్ మేఘం ఒకటేనా?

కాదు. కైపర్ బెల్ట్ నెప్ట్యూన్ దాటగానే, 30 నుంచి 50 ఏయూ మధ్య ఉంది. ప్లూటో అందులోదే. అక్కడ వేల కొద్దీ వస్తువులను నేరుగా చూశారు, న్యూ హొరైజన్స్ నౌక వెళ్ళి ఫొటోలు తీసింది. ఐదారేళ్ళకో పదేళ్ళకో తిరిగొచ్చే తోకచుక్కలు ఎక్కువగా అటు వైపు నుంచి వచ్చినవే. వేల, లక్షల ఏళ్ళ లెక్కవి ఊర్ట్ మేఘానివి. హేలీ తోకచుక్క 76 ఏళ్ళకోసారి వస్తుంది కదా, మరి దాని సంగతేమిటంటారా? అది మొదట ఊర్ట్ మేఘం నుంచే వచ్చి, గ్రహాల చేతిలో పడి కక్ష్య కుదించుకుపోయిందని చాలామంది నమ్మకం.

హిల్స్ మేఘం అని ఇంకోటి విన్నాను?

అది లోపలి భాగం పేరు. 20 వేల ఏయూ అవతల ఉన్న బయటి మేఘం కాలక్రమంలో నక్షత్రాల తాకిడికి ఖాళీ అయిపోవాలి. దాన్ని నింపుతూ ఉండటానికి లోపల ఇంకా దట్టమైన గుంపు ఉండాలని 1981లో జాక్ హిల్స్ ప్రతిపాదించాడు. ఈ లోపలి మేఘం స్పైరల్ ఆకారంలో మెలి తిరిగి ఉండొచ్చని 2025లో కంప్యూటర్ లెక్కలు చూపించాయి.

2003లో దొరికిన సెడ్నా అనే పెద్ద మంచు ముద్ద ఈ లోపలి మేఘానికి చెందినదేమో అంటారు. సూర్యుడికి అతి దగ్గరగా వచ్చినా 76 ఏయూ దగ్గరే ఆగిపోతుంది. దూరపు కొన 900 ఏయూ పైనే. ఒక చుట్టుకు సుమారు 11 వేల ఏళ్ళు. 2076 ప్రాంతంలో దగ్గరి కొనకు వస్తుంది. ఇప్పుడు స్కూల్లో ఉన్న పిల్లలు అప్పటికి ముసలివాళ్ళయి ఉంటారు.

2024లో వచ్చిన తోకచుక్క 80 వేల ఏళ్ళకోసారి వస్తుందన్నారు. నిజమేనా?

సుచిన్‌షాన్-అట్లాస్ గురించి కదా. ఆ అంకె మొదట్లో కట్టిన కక్ష్యలోంచి వచ్చి అన్ని పేపర్లకూ ఎక్కేసింది. ఇంకా కచ్చితమైన లెక్కలు వచ్చాక తేలింది ఏమిటంటే, అది ఊర్ట్ మేఘం నుంచి వచ్చిందే, కానీ తిరుగు ప్రయాణం సౌర కుటుంబాన్నే వదిలిపోయే దారిలో ఉంది. మళ్ళీ వస్తుందని చెప్పడానికి లేదు. ఏ పేపరూ సవరణ వేసినట్టు నేను చూడలేదు.

ఆ అక్టోబర్‌లో మేడ మీద నాలుగు సాయంత్రాలు నిలబడ్డాను. రెండు రోజులు మబ్బు, మూడో రోజు పక్క ఫంక్షన్ హాల్ లైట్లు. నాలుగో రోజు బండి వేసుకుని ఊరి బయట చెరువు గట్టుకు పోతే, చీకటి పడ్డాక పడమర వైపు శుక్రుడికి కుడి పక్కన, కాస్త ఎత్తులో దొరికింది. కంటికి తడిచేత్తో అద్దం తుడిచిన మరకలా, బైనాక్యులర్‌లో చూస్తే పొడవాటి తోకతో ఉంది. నా వెంట వచ్చిన మా అన్నయ్య "దీనికోసమా ఇంత దూరం లాక్కొచ్చావ్" అన్నాడు. నడకంత వేగంతో లక్షల ఏళ్ళ కింద బయల్దేరిందని చెప్పాక మాత్రం బైనాక్యులర్ తిరిగి ఇవ్వలేదు.

3ఐ/అట్లాస్ కూడా ఊర్ట్ మేఘం నుంచేనా?

కాదు. 2025లో కనిపించిన ఆ తోకచుక్క వేరే నక్షత్రం దగ్గర పుట్టి ఇటు వచ్చింది. దాని వేగం చూస్తేనే సూర్యుడు దాన్ని ఎప్పుడూ పట్టుకుని లేడని తెలిసిపోతుంది. మన గ్రహాలు వేల కోట్ల ముద్దలను బయటికి విసిరేసినట్టే వేరే నక్షత్రాల గ్రహాలూ విసిరేసి ఉంటాయి కదా.

వోయేజర్ సౌర కుటుంబం దాటిపోయింది అన్నారు. అంటే ఊర్ట్ మేఘం కూడా దాటిందా?

దాటలేదు, దరిదాపుల్లో కూడా లేదు. నాసా నౌక వోయేజర్ 1 దాటింది 2012 ఆగస్టులో సూర్యుడి నుంచి వీచే కణాల గాలి ఆగిపోయే హద్దును. సూర్యుడి ఆకర్షణ ఆగిపోయే హద్దు వేరు, అది ఎంతో దూరం. 1977లో బయల్దేరిన వోయేజర్ 1 ఏడాదికి 3.6 ఏయూ చొప్పున పోతూ ఇప్పుడు 170 ఏయూ దగ్గర్లో ఉంది. మన శనగగింజ కొలతలో చెప్పాలంటే ఎల్బీనగర్ చౌరస్తా నుంచి 170 మీటర్లు. ఇంకా బస్టాప్ కూడా దాటలేదు. మేఘం లోపలి అంచుకు చేరడానికి, ఆ అంచు ఎక్కడ అనుకుంటామన్నదాన్ని బట్టి, ఇంకో 500 నుంచి 1,350 ఏళ్ళు. బయటికి రావడానికి సుమారు 30 వేల ఏళ్ళు. దాని కరెంటు మాత్రం ఇంకొన్నేళ్ళలోనే అయిపోతుంది.

మన ఇస్రోకు దీంతో ఏమైనా సంబంధం ఉందా?

ఒకసారి, అనుకోకుండా. మంగళయాన్ 2013 నవంబర్ 5న శ్రీహరికోట నుంచి బయల్దేరి 2014 సెప్టెంబర్ 24న అంగారకుడి కక్ష్యలో పడింది. సరిగ్గా 25 రోజులకు, అక్టోబర్ 19న, ఊర్ట్ మేఘం నుంచి వచ్చిన సైడింగ్ స్ప్రింగ్ అనే తోకచుక్క అంగారకుడికి 1 లక్షా 40 వేల కిలోమీటర్ల దూరంలో పోయింది. మనకు చంద్రుడున్న దూరంలో సగం కూడా లేదు. సెకనుకు 56 కిలోమీటర్ల వేగంతో వచ్చే దుమ్ము రేణువు ఇసుక గింజంత ఉన్నా ఉపగ్రహానికి తూటాయే. నాసా తన ఉపగ్రహాలను దుమ్ము ఎక్కువగా వచ్చే సమయానికి అంగారకుడి చాటుకు చేర్చింది. ఇస్రో కూడా మంగళయాన్‌ను ముందే జాగ్రత్తగా సర్దింది. మన ఉపగ్రహం క్షేమంగా బయటపడింది, ఆ తోకచుక్కను కూడా గమనించింది. లక్షల ఏళ్ళ ప్రయాణం చేసి వచ్చినది, మనం వెళ్ళిన నెలలోపే అక్కడ ఎదురుపడటం చూడండి!

ఆ మేఘం నుంచి ఏదైనా వచ్చి భూమిని గుద్దితే?

అసాధ్యం అని చెప్పలేం, కానీ చాలా చాలా అరుదు. లోపలికి వచ్చేవాటిని గురుడు, శని మధ్యలోనే పక్కకు విసిరేస్తాయి. భయపడాల్సిన విషయం ఒకటుంటే, ఇవి ఏడాది రెండేళ్ళ ముందు మాత్రమే కనబడతాయి. గ్రహశకలాల్లా దశాబ్దాల ముందే లెక్క కట్టి పెట్టుకోలేం.

డైనోసార్లను చంపింది ఇదేనా అని కూడా అడుగుతారు. ఊర్ట్ మేఘం తోకచుక్క ముక్కే అని 2021లో ఒక వాదన వచ్చింది. కానీ అప్పటి మట్టి పొరలో దొరికిన రుథీనియం లోహాన్ని పరీక్షిస్తే అది తోకచుక్క కాదు, కార్బన్ ఎక్కువగా ఉండే రకం గ్రహశకలం అని 2024లో తేలింది. ఇక సూర్యుడికి నెమెసిస్ అనే రహస్య జంట నక్షత్రం ఉందని, సుమారు 2 కోట్ల 60 లక్షల ఏళ్ళకోసారి అది వచ్చి తోకచుక్కల వాన కురిపిస్తుందని 1980ల నాటి ఊహ ఒకటుంది. ఆకాశమంతా వెతికారు, అలాంటి నక్షత్రం దొరకలేదు. వాట్సాప్‌లో మాత్రం ఏటా తిరుగుతూనే ఉంటుంది.

తోకచుక్క కనబడితే అరిష్టం అంటారు, మా అమ్మమ్మ ఇంట్లోంచి బయటికి రానివ్వదు.

అమ్మమ్మను కూడా మేడ మీదికి తీసుకెళ్ళి బైనాక్యులర్ చేతికివ్వండి.

తోకచుక్కలకు మనవాళ్ళ పేరు ఎక్కడైనా ఉందా?

ఉంది. వేణు బాప్పు. పుట్టింది మద్రాసులో, పెరిగింది హైదరాబాద్‌లో. నాన్న నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. హైదరాబాద్‌లో చదువుకుని, అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్ళిన కొత్తల్లో, 1949 జూలైలో, రాత్రి తీసిన ఫొటో ప్లేట్ చూస్తూ ఒక కొత్త తోకచుక్కను పట్టుకున్నారు. గురువు బార్ట్ బోక్, తోటి విద్యార్థి గోర్డన్ న్యూకర్క్‌లతో కలిపి దానికి బాప్పు-బోక్-న్యూకర్క్ అని పేరు పెట్టారు. బార్ట్ బోక్ కూడా ఊర్ట్ లాగే డచ్ దేశం వాడే. ఆ మరుసటి ఏడాదే ఊర్ట్ పేపర్ వచ్చింది. తర్వాత బాప్పు తమిళనాడులోని కావలూరులో అబ్జర్వేటరీ కట్టించారు. అక్కడి పెద్ద టెలిస్కోప్‌కు ఇప్పుడు ఆయన పేరే.

ఎప్పటికైనా ఊర్ట్ మేఘాన్ని నేరుగా చూస్తామా?

అక్కడికి వెళ్ళి చూడటం మన తరంలో కాదు. అది మన దగ్గరికి వచ్చినప్పుడు పట్టుకోవడమే దారి. యూరప్, జపాన్ కలిసి కామెట్ ఇంటర్‌సెప్టర్ అనే నౌకను తయారు చేస్తున్నాయి. ఈ దశాబ్దం చివర్లో దాన్ని పంపి, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఒకచోట ఆపి ఉంచుతారు. మొదటిసారి లోపలికి వస్తున్న తోకచుక్క ఏదైనా అనువుగా దొరికితే అప్పుడు దానికి ఎదురెళ్తుంది. టికెట్ తీసుకోకముందే స్టేషన్‌కు పోయి ఏ రైలు వస్తే అది ఎక్కడం లాంటిది. నాకు ఈ పద్ధతి తెగ నచ్చింది.

చిలీలో 2025లో పని మొదలుపెట్టిన వేరా రూబిన్ అబ్జర్వేటరీ ఇలాంటి తోకచుక్కలను ఇంకా దూరంలో ఉండగానే పట్టిస్తుందని ఆశ. ఇంకో ఉపాయం కూడా ఉంది. దూరపు నక్షత్రం ముందు నుంచి మంచు ముద్ద పోతే నక్షత్రం సెకనులో చిన్న భాగం పాటు మినుక్కుమంటుంది. ఆ మినుకును పట్టుకోవాలి.

తర్వాతి పెద్ద తోకచుక్క ఎప్పుడు?

పెద్దది అంటే నిజంగానే పెద్దది ఒకటి వస్తోంది. బెర్నార్డినెల్లి-బెర్న్‌స్టైన్. మామూలు తోకచుక్కల మంచు ముద్ద కొన్ని కిలోమీటర్లు ఉంటే దీనిది సుమారు 120 కిలోమీటర్లు. 2031 జనవరిలో సూర్యుడికి అతి దగ్గరగా వస్తుంది. కానీ ఆ "దగ్గర" శని కక్ష్య అవతల, దాదాపు 11 ఏయూ. కంటికి కనబడదు, మేడలు ఎక్కి లాభం లేదు.

కంటికి కనబడేవాటి సంగతి ముందే చెప్పలేం. 2013లో ఐసాన్ అనే తోకచుక్క మీద ఏడాది పాటు ఊదరగొట్టారు. నవంబర్ 28న సూర్యుడి పక్క నుంచి పోతూ ముక్కలైపోయింది. సుచిన్‌షాన్-అట్లాస్ కూడా ముక్కలవుతుందని కొందరు ముందే చెప్పారు, అది మాత్రం బతికి బట్టకట్టింది. కాబట్టి తేదీ అడగకండి. 10×50 బైనాక్యులర్ ఒకటి కొని ఇంట్లో పెట్టుకోండి, ఖరీదైన టెలిస్కోప్ అక్కర్లేదు. కబురు తెలిసిన వారం లోపే ఊరి లైట్లకు దూరంగా పోండి, ఎక్కువ రోజులు ఉండవు. మబ్బు పట్టిన రోజు కూడా ఒక అరగంట ఆగి చూడండి. నాకు ఆ నాలుగో రోజు కూడా మొదట్లో మబ్బే.